ఉప్పు తగిలిన బంగారం

నిన్న సిలిండర్ మారుస్తుంటే వంటింట్లో గ్యాస్ వాసన కమ్మేసింది. మా ఆవిడ గంగమ్మ కిటికీలన్నీ తెరిచి నన్ను బయటికి గెంటింది. నేను వాకిట్లో నిలబడి, కుళ్ళిన ఉల్లిపాయలాంటి ఆ గంధకపు కంపునే ఇంకాస్త పీల్చుకున్నాను. విజయనగరంలో బంగారానికి ఊడని పూత కనిపెట్టినవాణ్ణి నేనే మరి.

కొంచెం సాగదీశాను. కనిపెట్టింది కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే పార్వతి మేడం. నేను ఆవిడ ల్యాబులో సీసాలు కడిగేవాణ్ణి.

బంగారాన్ని కంటికి ఆననంత చిన్న నానో రేణువులుగా చేసి నీళ్ళలో ఉంచితే ఆ నీళ్ళు పచ్చగా ఉండవు, దానిమ్మ రసంలా ఎర్రగా ఉంటాయి. రేణువులు ఒకదానికొకటి అంటుకోకుండా ప్రతిదానికీ పూత ఉండాలి. ఆ ఎరుపు నిలవకపోతే పీహెచ్‌డీ మానుకోమని గైడు ఆవిడకి చెప్పేశాడు. రెండేళ్ళ కష్టం.

ఆ రోజు నేను కడిగిన సీసాలో ఆవిడ ఎర్రనీళ్ళు పోసింది. రెప్ప వేసేలోగా నీలమైపోయాయి. ఎప్పుడూ పుస్తకంలా మాట్లాడే మనిషి నోట సొంతూరు నరసన్నపేట యాస ఊడిపడింది.

“ఇదేటి బాబాయ్, ఇలగైపోనాది?”

“నాకేటి తెలుస్తాది తల్లీ” అన్నాను.

తెలుసు. మాది నౌపడ. ఉప్పుమళ్ళ గట్టున పుట్టినవాళ్ళం. ఏ సీసానైనా ఉప్పేసి రుద్దితేనే కడిగినట్టు మాకు. ఆవిడ వద్దన్నా అదే చేశాను. రెండోసారీ నీలమే. మూడోసారికి స్టూలు మీద కూలబడింది.

“నా సెయ్యే మంచిది కాదు బాబాయ్. మానేస్తాను.”

మర్నాడే వెళ్ళి ఉప్పు సంగతి ఒప్పుకున్నాను. తిడుతుందనుకున్నాను. ఆవిడ నన్నే చాలాసేపు చూసింది.

“తప్పు ఉప్పుది కాదు బాబాయ్. ఆ కాస్త ఉప్పుకే రేణువులు అంటుకుని నీలమయ్యాయంటే నా పూత బంగారాన్ని పట్టుకోలేదు, ఊరికే ఆనుకుని ఉంది.”

గంధకం ఉన్న మందు తెప్పించింది. గంధకం బంగారాన్ని ఒక పట్టాన వదలదట. కంపుకి కాలేజీ అంతా ముక్కు మూసుకుంది. పూత మార్చాక ఆవిడే నా అరచేతిలో ఉప్పు పోసి వెయ్యమంది. వేశాను. ఎరుపు ఎరుపులాగే ఉండిపోయింది.

అప్పటినుంచి తప్పు చేస్తే ఎవరూ అడక్కముందే చెప్పేస్తాను. ఆవిడ నాకిచ్చిపోయింది అదే.

ఇంతవరకు రాసి గంగమ్మకి చదివి వినిపించాను. బియ్యం ఏరుతున్నది తలెత్తలేదు.

“మర్నాడేటి? జొరమని మూడ్రోజులు దుప్పటి ముసుగెట్టి తొంగున్నావు. మొదటిరోజే నాకు సెప్పి ఏడిసినావు. ఆ సాయంత్రమే నానెల్లి మేడమ్‌కి సెప్పీసినాను. ‘బాబాయే ఒచ్చి సెప్పాల, అందాక నాకేటీ తెలీనట్టే ఉంటాను’ అన్నాది.”