కంచె జరిగిందనుకున్నాను

నాకు అనుమానం ఎక్కువ. పెళ్ళయిన నెలకే మా ఆవిడ తేల్చి చెప్పిన సంగతి ఇది. ఇంగ్లండులోని స్విండన్‌లో ఫ్లాట్ అద్దెకు తీసుకున్న కొత్తలో పక్కింటాయన రోజూ పొద్దున్నే నవ్వుతూ పలకరిస్తుంటే, ఈయనకు మనతో ఏం పనిపడిందా అని వారం రోజులు ఆలోచించాను. పాపం, ఆయన పోస్టుమ్యాన్‌ను కూడా అలాగే పలకరిస్తాడని తర్వాత తెలిసింది.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. మ్యాపులు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో నా ఉద్యోగం. విమానం నుంచి తీసిన పాత ఫోటోలను కంప్యూటర్‌లోకి ఎక్కించి, వాటిని ఇప్పటి మ్యాపు మీద సరిగ్గా కూర్చోబెట్టాలి. ఫోటోలోనూ నేల మీదా రెండింటిలోనూ కనిపించే గుర్తులు నాలుగు పట్టుకుంటే, మిగతాదంతా ప్రోగ్రామే లాగి సరిచేస్తుంది. ఆ నాలుగు గుర్తులు ఎంచుకోవడంలోనే మనిషి తెలివంతా ఉంది. నాకు ఆ తెలివి దండిగా ఉందని నా నమ్మకం.

ఆ ఏడాది మా చేతికొచ్చిన పని ఒక హెంజ్, అంటే ఆదికాలం నాటి గుండ్రటి కట్టడం. హెంజ్ అనగానే నిలబెట్టిన రాళ్ళు గుర్తొస్తాయి గానీ, దీనికి రాయన్నదే లేదు. నాలుగైదు వేల ఏళ్ళ కిందట ఎవరో గుండ్రంగా కందకం తవ్వి, ఆ మట్టిని బయటివైపు కట్టగా పోశారు. అంతే. ఎందుకు తవ్వారో ఎవరికీ తెలియదు. తర్వాత తరతరాలుగా నాగళ్ళు తిరిగి ముక్కాలు భాగం నేలమట్టమైంది. పొలంలో నిలబడితే బార్లీ తప్ప ఏమీ కనిపించదు. ఎండలు ముదిరిన ఏడాది పైనుంచి చూస్తే మాత్రం, పూడిపోయిన కందకంలో తేమ నిలుస్తుంది గనక అక్కడి పైరు ఆలస్యంగా పండుతుంది. పసుపుపచ్చ చేలో ఆకుపచ్చ వలయం తేలుతుంది. మొదటిసారి ఆ ఫోటో చూసినప్పుడు నిజంగా ఒళ్ళు పులకరించింది. వేరుశనగ పండించే అనంతపురం పల్లెలో పుట్టినవాణ్ణి, పైరు రంగు చూసి నేల గుట్టు చెప్పడం నాకు కొత్త కాదు.

మిగిలిన పావు భాగం పొదలతో పెంచిన కంచె పక్కన పచ్చిక కింద భద్రంగా ఉంది. అక్కడ కట్ట ఇంకా మోకాలెత్తు లేచి కనబడుతుంది. ఆ పచ్చిక అంచు దాటి నాగలి రాకూడదని పురాతన స్థలాలను కాపాడే ప్రభుత్వ ఆఫీసు రైతుకు పెట్టిన షరతు. దాటాడని తేలితే పొలం మొత్తం దున్నడానికి అనుమతి పోతుంది. దాటాడా లేదా అన్నది మా కంపెనీ పాత ఫోటోనూ కొత్త ఫోటోనూ పోల్చి చెప్పాలి.

పని మొదలుపెట్టకముందే పై అధికారిణి నన్ను వెంటబెట్టుకొని ఆ పొలానికి తీసుకెళ్ళింది. ఆవిడ పురావస్తు శాస్త్రం చదువుకున్న మనిషి, యాభై దాటిన వయసు, బురద బూట్లతోనే ఆఫీసుకు వచ్చేది. రైతు డెబ్బై దాటిన పెద్దాయన. మోకాళ్ళు అరిగిపోయి ట్రాక్టరు ఎక్కడం మానేసి పదిహేనేళ్ళయిందట. అప్పట్నుంచి దున్నేది నలభై ఏళ్ళు దాటిన కొడుకు. మేం వెళ్ళినప్పుడు ఆ కొడుకు గుమ్మం దగ్గర నిలబడి తల ఊపాడు, అంతే. పెద్దాయన మాత్రం టీ ఇచ్చాడు, బిస్కెట్లు ఇచ్చాడు, మళ్ళీ టీ ఇచ్చాడు.

"పచ్చిక అంచు మా నాన్న వదిలిన చోటే ఉంది. నేనెప్పుడూ దాటలేదు" అన్నాడు.

నాకు నమ్మబుద్ధి కాలేదు. మా ఊళ్ళో గట్టు చెక్కినవాడే ముందుగా మజ్జిగ తాగి పొమ్మంటాడు. మా నాన్న సగం జీవితం అలాంటి గట్టు తగాదాలోనే గడిచింది. పక్క పొలంవాళ్ళు ఏటా ఒక చాలు లోపలికి దున్ని, గట్టును కొంచెం కొంచెంగా మా వైపు నెట్టుకుంటూ వచ్చారని ఆయన ఏనాడూ మరిచిపోలేదు. గట్టు నడుస్తుందనేది మా ఇంట్లో పిల్లలకు అన్నం తినిపిస్తూ చెప్పే సంగతి.

అందుకే నాలుగు గుర్తులు ఎంచుకునేటప్పుడు నేను కంచె జోలికి పోలేదు. నలభయ్యేళ్ళ కిందటి ఫోటోలో ఆ కంచె మూలలు చక్కగా కనిపిస్తున్నాయి. పాతికేళ్ళుగా ఈ పని చేస్తున్న సహోద్యోగి ఒకాయన వెనక నిలబడి చూసి, "కంచె మూలలు తీసుకోలేదేం?" అని అడిగాడు కూడా. కంచె రైతు చేతిలో ఉంటుంది, దాన్నెలా నమ్ముతాం అన్నాను. పొలంలో రెండు వైపులా నిలబడ్డ కరెంటు స్తంభాలు నాలుగు ఎంచుకున్నాను. స్తంభాలు కరెంటువాళ్ళవి. వాటిని జరిపితే రైతుకొచ్చే లాభం ఏమీ లేదు.

ఫలితం తెరమీద పడగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. పచ్చిక అంచు ఎనిమిది అడుగులు లోపలికి వచ్చేసింది. అంతేకాదు, కంచె కూడా సరిగ్గా ఎనిమిది అడుగులు జరిగింది! ఎంత తెలివి! పచ్చిక సన్నబడినట్టు కనిపించకుండా కంచెను కూడా వెనక్కి నెట్టాడన్నమాట. పై అధికారిణి చాలాసేపు చూసింది.

"ఇక్కడి కంచెలు అంత తేలిగ్గా జరగవు. వందల ఏళ్ళ వేళ్ళుంటాయి" అంది.

"పెరికి మళ్ళీ నాటి ఉంటాడు" అన్నాను. ఒకప్పుడు ఈ దేశంలో పొలాలు పెద్దవి చేసుకోవడానికి రైతులు కంచెలు పెరికేసిన మాట నిజమే. నా మ్యాపు ఆ ప్రభుత్వ ఆఫీసుకు వెళ్ళింది, అక్కడినుంచి రైతుకు ఉత్తరం వెళ్ళింది. సంజాయిషీ ఇచ్చేవరకు పొలం దున్నకూడదన్నారు.

ఆ సాయంత్రం ఇంట్లో గొప్పగా చెప్పుకున్నాను. మా ఆవిడ గిన్నెలు తుడుస్తూ విన్నది.

"ఆ ముసలాయప్ప మీకేం చేసినాడు? టీ ఇచ్చినందుకా ఈ పగ?" అంది.

"పగేంది? కొలత. కంప్యూటర్ చెప్పింది."

"కంప్యూటర్‌కి చెప్పింది మీరే గదా!"

ఆ మాటకు ఒళ్ళు మండింది. రెండు రోజులు ముభావంగా ఉన్నాను.

కోతలయ్యాక నేల మీద సర్వేకు వెళ్ళాం. మట్టిలో ఇనుమునూ పాత గుంటలనూ పసిగట్టే యంత్రాన్ని పట్టుకొని, పొలమంతా గీతలు గీసినట్టు ఇటునుంచి అటు నడవాలి. నడిచేవాడి ఒంటిమీద ఇనుము ఉండకూడదు. బెల్టు తీశాను, బూట్లు మార్చాను, అయినా యంత్రం ఒప్పుకోలేదు. చివరికి మొలతాడుకు తగిలించుకున్న పిన్నీసు గుర్తొచ్చి, ట్రాక్టరు షెడ్డు వెనక్కి పోయి తీసేసి వచ్చాను. అందరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను, ఎందుకంటే ఆ రోజు నాకు భలే ధీమాగా ఉంది. ఈ సర్వేతో ఆ పెద్దాయన దొంగతనం రుజువైపోతుంది.

మర్నాడు ఆఫీసులో సర్వే బొమ్మ తెరిచాం. హెంజ్ కందకం గుండ్రంగా, అందంగా వచ్చింది. దాంతోపాటు పొలంలో నాలుగు చోట్ల నల్లటి చుక్కలు. ఇనుము. కరెంటు స్తంభాలకు దన్నుగా భూమిలో పాతే కమ్మీల ముక్కలవి. ఇప్పటి ఒక్కో స్తంభానికీ సరిగ్గా ఎనిమిది అడుగుల దూరంలో, అన్నీ ఒకే వైపున ఉన్నాయి. స్తంభాలు ఒకప్పుడు అక్కడ ఉండేవి. ఆ తర్వాత ఎప్పుడో జరిపి పాతారు.

పాత ఫోటోలోని స్తంభాలను ఆ చుక్కల మీదకు తెచ్చి ఫోటోను మళ్ళీ కూర్చోబెట్టాను. కంచె వచ్చి కంచె మీద పడింది. పచ్చిక అంచు పచ్చిక అంచు మీద పడింది. వెంట్రుకవాసి తేడా లేదు. నలభయ్యేళ్ళలో ఆ పొలంలో కదలనివి ఏవో వాటినే నేను అనుమానించాను. కదిలినవాటిని నమ్మాను. పప్పులో కాలేశాను అని నవ్వుకునే తప్పు కాదది.

పై అధికారిణి దగ్గరికి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. "సరిదిద్దిన మ్యాపు ఈరోజే పంపుతాను. ఆయన దగ్గరికి మాత్రం మీరే వెళ్ళండి" అంది. కోప్పడి ఉంటే బాగుండేదనిపించింది.

పెద్దాయన ఇంట్లో ఒక్కడే ఉన్నాడు. ఈసారి టీ కావాలా అని అడగలేదు. వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టుకొని నా మాటలు చివరిదాకా విన్నాడు. స్తంభాల సంగతి, మా ఊరి గట్ల సంగతి, నా పొగరు సంగతి, అన్నీ చెప్పాను. పొలం మళ్ళీ దున్నుకోవచ్చని కూడా చెప్పాను.

"దున్నేది ఎవరు?" అన్నాడు.

కొడుకు వెళ్ళిపోయాడట. ఉత్తరం వచ్చిన రోజు పెద్దాయన నా మ్యాపును ఈ బల్ల మీదే పరిచి చూశాడు. ట్రాక్టరు మీద ఉన్నన్నాళ్ళూ తను దాటలేదని తనకు తెలుసు. ఇక మిగిలింది కొడుకే. అడిగాడు. లేదన్నాడు కొడుకు. మళ్ళీ అడిగాడు. రోజుకోసారి చొప్పున పది రోజులు అడిగాడు. పదకొండో రోజు కొడుకు బట్టలు సర్దుకొని, ఎక్కడో ఉత్తరాన పెద్ద కమతంలో కూలికి ట్రాక్టరు తోలడానికి పోయాడు.

"అంత పెద్ద ఆఫీసువాళ్ళు గీసిన బొమ్మ తప్పవుతుందని నాకు తోచలేదు" అన్నాడు పెద్దాయన. అది గీసింది ఆఫీసు కాదు, నేను.

"నన్ను క్షమించండి" అన్నాను.

"నాకు చెప్పి ఏం లాభం? వాడికి చెప్పండి" అని గోడకున్న ఫోన్ తీసి, తనే నంబర్లు నొక్కి, రిసీవర్ నా చేతిలో పెట్టాడు.

కొడుకు ఎత్తాడు. నేనెవరో చెప్పాను. తప్పు నాదని, అతను ఒక్క అడుగు కూడా దాటలేదని, రుజువు నా దగ్గరుందని గుక్క తిప్పుకోకుండా చెప్పాను.

"ఆయన పక్కనే ఉన్నాడా?"

"ఉన్నారు."

"మీరు చెప్పింది నమ్మాడా?"

"నమ్మారు, పూర్తిగా నమ్మారు" అన్నాను ఆత్రంగా.

"మీరు రెండుసార్లు చెప్పారు, రెండుసార్లూ నమ్మాడు. నేను పది రోజులు చెప్పాను" అని ఫోన్ పెట్టేశాడు.

"ఏమన్నాడు?" అని అడిగాడు పెద్దాయన. ఏదైనా మంచి మాట కల్పించి చెబుదామా అనిపించింది. కల్పించలేదు. విన్నది విన్నట్టు చెప్పాను. ఆయన నా చేతిలోంచి రిసీవర్ తీసుకున్నాడు. కళ్ళజోడు సరిచేసుకొని, మళ్ళీ అదే నంబరు మొదటినుంచి నొక్కడం మొదలుపెట్టాడు.