గాలి బాగాలేదని చెప్పాను

మా అక్క సముద్రాన్ని మొదట ఫోన్‌లోనే చూసింది. ఆమెది బోథ్ దగ్గర పత్తి వ్యవసాయం. చిన్నప్పుడు మేమిద్దరం బాపు వెంట కడెం వాగుకు పోయి గాలం వేసేవాళ్లం. నేను చదువుకుని కరీంనగర్‌లో టీచరునయ్యాక చేపల్ని మార్కెట్లో తప్ప చూడలేదు. అక్క మాత్రం యాభై దాటినా ఆదివారం చర్చి కాగానే చీర కుచ్చిళ్లు ఎగదోపి వాగు ఒడ్డున కూర్చునేది.

ఒక వానాకాలం ఆమె కూతురు ఒక వీడియో చూపించిందట. అందులో ఎవరో ఇసుకలో నిలబడి, మనిషికి రెండింతల పొడవున్న గడతో అలల అవతలికి గాలం విసురుతున్నారు. మర్నాడు అక్క నాకు ఫోన్ చేసింది. "చెల్లె, ఒక్కసారి సముద్రంల గాలమెయ్యాలె. నువ్వు తోలుకపో" అంది. అక్క నన్ను ఏదైనా అడగడం అరుదు. సరేనన్నాను.

బాపట్ల పక్కన సూర్యలంక అనుకున్నాం. వరంగల్‌లో ఎక్కితే రైలు నేరుగా పోతుంది. తీరానికి దగ్గర్లో ఉన్న ఒక చిన్న లాడ్జి నంబరు దొరికితే అక్కకిచ్చాను. గది సంగతి ఆమే మాట్లాడుకుంది. కానీ సముద్రానికి పోవడం వాగుకు పోయినట్టు కాదని త్వరలోనే తెలిసింది. నీటి మీది నుంచి గాలి గట్టిగా కొడితే విసిరిన గాలం వెనక్కి వస్తుంది. పోటు తెల్లవారుజామున ఎక్కే రోజులు చూసుకోవాలి, చేప దానితోపాటే ఒడ్డుకొస్తుంది. అలాగని అమావాస్య, పున్నములు పనికిరావు, నీటి గుంజుడుకు గాలానికి కట్టిన సీసం గుండు నిలవదు. వీటన్నిటికీ తోడు ఆమె పత్తి ఏరడం, నా సెలవులు. గాలి, పోటు వివరాలు ఫోన్‌లో ఇంగ్లీషులో ఉండేవి. చదివి చెప్పే పని నాది.

సామాను పని అక్కది. పన్నెండడుగుల గడ, రీలు, లావు తంగూసు దారం హైదరాబాదు నుంచి తెప్పించుకుంది. ఉప్పునీళ్లు మామూలు గాలాల్ని తినేస్తాయని స్టీలువి కొన్నది. సీసం కరిగించి గుండ్లు తనే పోసింది. ఇసుకను పట్టుకునేలా ఒక్కో గుండుకు నాలుగు తీగ కాళ్లు పెట్టింది. ఒకసారి నేను వెళ్లేసరికి కోసేసిన జొన్నచేనులో నిలబడి గుండును గాలిలోకి విసురుతోంది. గట్టు మీద ఇద్దరు ఆడవాళ్లు నవ్వుతూ చూస్తున్నారు. ఆమె మాత్రం విసరడం, అడుగులు లెక్కబెట్టుకుంటూ పోవడం, గుండు తీసుకుని తిరిగి రావడం. ఆ రోజు డెబ్బై అడుగులు దాటించింది. నా వైపు చూసిన చూపులో పదేళ్ల పిల్ల ఉంది.

దసరా సెలవుల్లో పోదామనుకుంటే నిజంగానే వాయుగుండం పడింది. వద్దన్నాను. అక్క సరేనంది.

జనవరి ఆఖరుకు మళ్లీ అనుకున్నాం. పత్తి మూడో ఏరుడు అయిపోయింది, పోటు కుదిరింది. ఫోన్‌లో తీరమంతా ఆకుపచ్చగా ఉంది, అంటే గాలి లేనట్టే. సరిగ్గా అప్పుడే మా బడి టీచర్లంతా ఊటీ పోదామన్నారు. కొత్తగా చేరిన బడి, అందరితో కలవాలనుకున్నాను. వాళ్లకూ సరేనన్నాను. అక్కకు చెప్పడానికి నోరు రాలేదు. ఆ నెపం గాలి మీదికి నెట్టాను. "గాలి బాగలేదక్కా, అలలు మస్తుగున్నయట" అన్నాను. "అయితే వద్దు తియ్, నువ్వు పరేషాన్ గాకు" అని నాకే ధైర్యం చెప్పింది. ఊటీలో దిగిన ఫోటోలు ఆమెకు కనపడకుండా చూసుకున్నాను.

మార్చిలో తనే మళ్లీ ఫోన్ చేసి గాలి ఎట్లుందని అడిగింది. ఈసారి నాకు ఏ అడ్డూ లేదు. పేపర్లు దిద్దుతూ, ఫోన్‌లో చూడనైనా చూడకుండా బాగలేదన్నాను. మొదటిసారి అబద్ధానికి ఊటీ అనే కారణమైనా ఉంది. రెండోసారి అది కూడా లేదు.

ఎండాకాలంలో అక్క ట్రాక్టరు ట్రాలీ మీద నుంచి జారి కుడి భుజం మీద పడింది. ఎముక అతుక్కుంది కానీ చెయ్యి భుజం దాటి పైకి లేవడం మానేసింది. ఆసుపత్రిలో నేను మంచం పక్కన కూర్చున్నప్పుడు ఆమె సముద్రం మాటెత్తలేదు. నాకు అది తప్ప వేరే ఆలోచన రాలేదు.

మరుసటి జనవరిలో ఆమె వద్దంటున్నా నేనే టికెట్లు తీశాను. గడ సంచి నేనే మోశాను. సూర్యలంకలో దిగేసరికి పొద్దు వాలుతోంది. లాడ్జి చూసుకునే పెద్దాయన పుస్తకంలో ఊరు రాసుకుంటూ తలెత్తి చూశాడు.

"బోథ్ నుంచా అండీ? పోయినేడు ఫోన్ చేసింది మీరేగా? సముద్రం పళ్లెంలా ఉంది, రండమ్మా అన్నాను. రెండుసార్లూ అదే చెప్పాను. మరి రాలేదేవండీ?"

అక్క చిన్నగా నవ్వి, పని పడ్డదని చెప్పి తాళంచెవి తీసుకుంది. నేను గడ సంచి పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

తెల్లవారి పోటు ఎక్కుతుండగా తీరానికి పోయాం. అక్క ఎడమచేత్తో, పళ్లతో ముడులు బిగించి, గాలానికి రొయ్య గుచ్చింది. విసరాల్సింది నేను. రెండో అల విరిగే చోటికి అవతల లోతు ఉంది, అక్కడ పడాలంది. నా గుండు మొదటి అల ముందే పడింది. నడుము తిప్పాలని, వేలు ఎప్పుడు వదలాలో ఓపికగా చెప్పింది. ఎన్నిసార్లు వేసినా నా చేతిలో అంత బలం లేదు. ఆమె కుడిచెయ్యి కొంగు కింద గాలం విసురుతున్నట్టు తనంతట తానే కదులుతోంది. చూడలేకపోయాను.

"నీకు ముందే తెలుసా అక్కా?" అన్నాను.

"గది గురించి మాట్లాడుదామని నేనే ఫోన్ చేసిన. గప్పుడే ఆయన చెప్పిండు. నీకు రాబుద్ధి కాలేదనుకున్న, గంతే."

"తెలిసి కూడ మార్చిల మల్ల నన్నెందుకు అడిగినవ్?"

అక్క తంగూసును వేలితో లాగి చూసింది. "ఈపాలన్న నిజం చెప్తవేమో అని అడిగిన."

క్షమించమన్నాను. ఊటీ సంగతి కూడా చెప్పేశాను. ఆమె తిట్టలేదు, ఊరడించలేదు. తంగూసు వదులైంది, చుట్టమంది. చుట్టాను. మూడు గంటలు నిలబడితే ఒక జెల్ల చేప పడింది, అరచేతికి కొంచెం పెద్దది. దాని ముల్లు గుచ్చుకుంటే చెయ్యి వాస్తుందని నన్ను ముట్టుకోనివ్వలేదు. కాలి కింద మెల్లగా అదిమిపెట్టి గాలం ఊడదీసి, నీళ్లలోకి నెట్టింది.

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని, ఫిబ్రవరిలో ఇంకోసారి వద్దామా అని అడిగింది. నోటిదాకా "చూద్దాం" అనే మాట వచ్చింది. ఫిబ్రవరిలో పదో తరగతికి ప్రత్యేక క్లాసులున్నాయి, కుదరదు. అదే చెప్పాను. అక్క తలూపి కళ్లు మూసుకుంది. చెయ్యి నొప్పి పెడుతోందేమో, రైలు ఊగినప్పుడల్లా ఎడమచేత్తో భుజాన్ని పట్టుకుంటోంది. వరంగల్ దాకా నేను కళ్లు మూయలేదు.