అమ్మ పాత చీర ముక్క

ఖరగ్‌పూర్ స్టేషన్ వెయిటింగ్ హాల్లో నా ఎదురుగా కూర్చున్న జవాను, నా టిఫిన్ డబ్బాకు చుట్టిన గుడ్డనే చూస్తున్నాడు. నాకు భయమేసింది.

"సెల్లీ, ఆ గుడ్డ నాకిస్తావేటి?" అన్నాడు. అరె, తెలుగువాడే!

"మాయమ్మ పాత సీర ముక్క దాదా. నీకెందుకు?" అని నవ్వేశాను.

"రైఫిల్ తుడుసుకోడానికి. పైన దుమ్ముకి పాత టూత్‌బ్రష్ సాలు. గొట్టం లోపలికి ఇలాంటి అరిగిపోయిన నూలుగుడ్డే కావాల. కొత్త తువ్వాలయితే నూగు రాలి లోపలుండిపోద్ది. మావోడొకడిది అలాగే సమయానికి పేల్లేదు."

తలదించుకున్నాడు.

సరిహద్దులో ఉన్న మా తమ్ముడు కూడా అమ్మ పాత చీరలే పంపమన్నాడు. మిలటరీవాడికి చింకిగుడ్డలేంటని, నేను ఖరిదా బజారంతా తిరిగి దళసరి కొత్త తువ్వాళ్లు పంపాను.

గుడ్డ అతనికిచ్చేసి తమ్ముడికి ఫోన్ చేశాను. ఎత్తలేదు.

"డ్యూటీలో ఉంటే ఎత్తరు సెల్లీ," అన్నాడతను, నా మొహం చూడకుండా.

ఇంటికెళ్లి చీరలన్నీ తీశాను. అన్నిట్లోకీ అరిగింది అమ్మ ఒంటిమీదే ఉంది.

"అది మార్సుకోవే అమ్మా, తమ్ముడికి పంపాల."

"పిచ్చెక్కినాదేటే? కొత్త తువ్వాళ్లు పంపినావు కదా!"

అవెందుకు పనికిరావో అమ్మకు ఇప్పటికీ చెప్పలేదు.