రెండు రోజులు దాటిన కార్డు

దేశం కాని దేశంలో, ఈ సిటీవెస్ట్‌లో, మా బ్లాకులో ఎవరింట్లో కుళాయి కారినా, మంచం కాలు ఊడినా ముందు వినపడే పేరు మల్లేశ్. కరీంనగర్ దగ్గరి పిల్లవాడు. చదువుకోవడానికి వచ్చి, ఉద్యోగంలో కుదిరి, నాలుగేళ్లుగా మా ఎదురు ఫ్లాట్‌లో ముగ్గురు స్నేహితులతో ఉంటున్నాడు. నేను చదివింది ఐదో తరగతి. అయినా ఆ ఫ్లాట్‌లో ఏ పూట ఏ కూర వండారో, ఎవరి వీసా ఎందాకా వచ్చిందో నాకు తెలియకుండా ఉండదు. అడిగితే పోయేదేముంది?

మల్లేశ్ ఏది అడిగినా చెబుతాడు. పెళ్లి కుదిరినప్పుడు పిల్ల ఫోటో ఈ బ్లాకులో ముందు నాకే చూపించాడు. పెళ్లి చేసుకుని వచ్చి ఆరు నెలలైంది. భార్య హాసినికి వీసా వచ్చింది, ఆగస్టు పదికి టికెట్టు కూడా తీశారు. ముగ్గురు మగపిల్లలున్న ఫ్లాట్‌కు కొత్త పెళ్లికూతురిని ఎలా తెస్తాడు? వేరే ఇల్లు కావాలి. ఇక్కడ ఒక్క ఇల్లు ఖాళీ అయితే చూడడానికి ముప్పై మంది వరుసలో నిలబడతారు. బయటి దేశం వాళ్లనైతే ఏజెంటు ముందు అడిగేది ఈ దేశంలో ఉండనిచ్చే కార్డు, దాని మీది గడువు తేదీ.

జూలై మొదట్లో దొరికింది. ట్రామ్ స్టాపుకు పది నిమిషాల దూరం. ఇంటాయన రాబర్ట్, బస్సు నడిపి రిటైరైన మనిషి. సోమవారం వచ్చి సంతకం పెట్టమని ఏజెంటు చెప్పగానే మల్లేశ్ మా ఇంటికి పరుగెత్తుకొచ్చాడు. నేను గోడ మీది క్యాలెండర్ అందుకున్నాను.

"ఆషాఢంలో కొత్త కాపురమేమిట్రా?"

"మరి ఎప్పుడు పోవాలె ఆంటీ?"

"శ్రావణం రానీ. మొదటి శుక్రవారం దివ్యంగా ఉంది."

"నాగరత్నం, వాళ్లు నీ క్యాలెండర్ చూసి ఇల్లు ఆపుతారా?" అన్నారు మావారు బ్రహ్మయ్యగారు.

"అడిగితే కదా తెలిసేది!"

మల్లేశ్ అడిగాడు. ఎలాగూ రంగులు వేయించాలి, ఆగుతామన్నారట. నేను మావారి వైపు గెలిచినట్టు చూశాను.

ఆ శుక్రవారం కొత్త గిన్నె, పాలు, పసుపు సంచిలో సర్ది పంపించాను. రెండు గంటలు గడవకముందే అదే సంచితో తిరిగొస్తూ కనపడ్డాడు. మెట్ల దగ్గరే ఆపాను.

"తాళాలేవిరా?"

"జర లేటైతదంట."

"ఎందుకు?"

"కాయితాలు ఆంటీ."

"ఏ కాగితాలు?"

మెట్టు మీద కూలబడ్డాడు. కార్డు గడువు బుధవారంతో అయిపోయింది. కొత్తదానికి ఎప్పుడో దరఖాస్తు పెట్టాడు, ఇంకా చేతికి రాలేదు. గడువు దాటిన కార్డుతో సంతకం కుదరదని, సోమవారం ఇంకో కుటుంబం చూడడానికి వస్తోందని ఏజెంటు చెప్పేశాడు.

నేను నోరు మూసుకుని ఉంటే జూలైలోనే తాళాలు చేతికొచ్చేవి.

"తేదీ సంగతి అప్పుడే చెప్పొద్దూ?"

"గప్పటికల్ల కొత్తది వస్తదనుకున్న."

"పోనీ, సంతకం ఎందుకు వెనక్కి జరిపావో ఏజెంటుకు చెప్పావా?"

"లే. మీ పేరెందుకు మధ్యల?"

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. చీర మీద స్వెట్టర్ వేసుకుని, "వద్దాంటీ, వద్దాంటీ" అంటున్నా వినకుండా వాణ్ణి లాక్కుని రాబర్ట్ దగ్గరికి వెళ్లాను. ఆయన ఆ ఇంటి గేటుకు రంగు వేస్తున్నాడు. నాకున్న బజారు ఇంగ్లీషులో, తప్పు వీడిది కాదు, నాది, నా క్యాలెండర్‌ది అని చెప్పాను. ఆయనకు అర్థం కాలేదు. మల్లేశ్ సిగ్గుతో చచ్చిపోతూ ఆషాఢమంటే ఏమిటో విడమరిచాడు.

"ఆ నెలలో కొత్త ఇంట్లోకి వస్తే ఏమవుతుంది?" అని రాబర్ట్ నన్ను అడిగాడు.

"తెలియదు. అందరూ ఆగినవాళ్లే" అన్నాను.

ఆయన కుంచె కింద పెట్టి మరీ నవ్వాడు. తరువాత నవ్వు ఆపి, ఇంతకు ముందున్నవాడు మూడు నెలలకే చెప్పకుండా దేశం విడిచిపోయాడని, తన భయమంతా అదేనని అన్నాడు. మల్లేశ్ దరఖాస్తు రసీదు, ఆఫీసు వాళ్ల ఉత్తరం చూపించాడు. రాబర్ట్ రెండుసార్లు చదివాడు.

"ఇల్లు చూపించిన రోజు ముప్పై మంది వచ్చారు. అందరూ గదులు కొలుచుకున్నారు. నువ్వొక్కడివే వంటింట్లో సింకు కింది అల్మారా తలుపు తెరిచి, కారుతున్న పైపు బిగించి వెళ్లావు" అని, అక్కడే ఏజెంటుకు ఫోన్ చేశాడు. సంతకం మాత్రం కార్డు వచ్చాకే. అందాకా ఇల్లు ఎవరికీ చూపించొద్దు. "సరేనా?" అని మమ్మల్ని అడిగాడు.

"గ్రాండ్" అన్నాను, ఇక్కడివాళ్లు సరే అనేటట్టు, మల్లేశ్ నోరు తెరిచేలోపు.

కార్డుకన్నా ముందు హాసిని దిగింది. పిల్ల మా ఇంట్లో, పిల్లాడు ఎదురు ఫ్లాట్‌లో. భోజనాలు మాత్రం మా దగ్గరే. నేను ఒకటి అడిగితే ఆ పిల్ల నన్ను నాలుగు అడిగేది.

"మీరొచ్చిన కొత్తల మీకెవలు ఇల్లిచ్చిన్రు ఆంటీ? మస్తు తిరిగిన్రా?"

ఇన్నేళ్లలో నన్ను ఆ మాట అడిగినవాళ్లు లేరు. చెబుతూ కూర మాడబెట్టాను.

ఆ పిల్ల వచ్చిన పదకొండో రోజు పోస్టులో కవరు వచ్చింది. మల్లేశ్ దాన్ని పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆంటీ, ఇయ్యాల మంగళవారం. రేపు పొమ్మంటరా?"

మావారు పేపరు దించి నా ముఖం చూశారు. హాసిని కూడా చూసింది.

"నడవండి, పాలు నేను తెస్తాను" అన్నాను.

సంతకాలయ్యాయి. ఆ కరెంటు పొయ్యి మీద పాలు ఎంతకీ కాగలేదు. నలుగురం చుట్టూ నిలబడి చూస్తూనే ఉన్నాం. చివరికి పొంగి పొయ్యంతా కారాయి. హాసిని గుడ్డ కోసం వెతకబోతే మల్లేశ్ చెయ్యి పట్టుకుని ఆపాడు.

"కొద్దిసేపు ఉండనియ్యి" అన్నాడు.