నుదుటి మీద పది ఇరవై

పొద్దున్నే డ్యూటీకి బయల్దేరే ముందు ఆమె గోళ్లు కత్తిరించుకుంటుంది. నిజానికి కత్తిరించడానికి ఏమీ ఉండదు. అయినా గుమ్మం దగ్గర నిలబడి పది వేళ్లూ వెలుతురుకు పట్టి చూసుకుంటుంది. కాలిన ఒంటికి గోరు తగిలితే ఎలా ఉంటుందో తెలిసిన మనిషి.

బట్టలకు రంగులద్దే మిల్లులో ప్రథమ చికిత్స గది ఆమెది. ఒక మంచం, ఒక కుళాయి, గోడ నిండా ఆమె రాసి అంటించిన కాగితాలు. పనివాళ్లంతా కట్లక్క అంటారు. నెలకోసారి వాళ్లను కూర్చోబెట్టి పాఠం చెప్పేది.

"షాక్ అంటే ఏంట్రా?"

"మొన్న స్విచ్చు ముట్టుకుంటే నాకు కొట్టిందే, అదక్కా."

"నీ మొహం. నెత్తురు తగ్గిపోయి మనిషి చల్లబడిపోవడం. చెమటలు పడతాయి, మాట తడబడుతుంది. అరిచేవాడి సంగతి తర్వాత. నోరు మెదపనివాడి దగ్గరికి ముందు పరిగెత్తాలి."

వెనక వరసలోంచి ఆమె తమ్ముడు అందుకునేవాడు. "అందుకే కాబోలు, ఇంట్లో నన్ను నోరు మెదపనివ్వదు!" అందరూ గొల్లున నవ్వేవారు.

తొమ్మిదేళ్ల కిందట ఒక ఉదయం బాయిలరు పైపు పేలింది. పదకొండు మంది ఆవిరికి కాలారు. ఎగిరొచ్చిన రేకుముక్క తమ్ముడి తొడను కోసేసింది. గుడ్డ పెట్టి అదిమినా నెత్తురు ఆగలేదు. ఆమె గాయానికి పైన పట్టీ చుట్టి, కర్ర దూర్చి, మెలిపెట్టి బిగించింది. ఆగింది. ఆ పట్టీ ప్రాణం నిలుపుతుంది; రెండు గంటలు దాటితే కాలిని తినడం మొదలుపెడుతుంది. అందుకే కట్టిన టైము నుదుటి మీద రాయాలి. ఆస్పత్రిలో ముందు చూసేది అదే. నీలం పెన్నుతో రాసింది: పది ఇరవై.

"నా తలరాత కూడా నువ్వే రాస్తున్నావా అక్కా?" అన్నాడు వాడు, పెదవులు పాలిపోతుండగా.

"నోర్ముయ్. నీకేం కాదు."

ఇల్లు మిల్లు పక్క వీధిలోనే. అమ్మ పరిగెత్తుకొచ్చి వ్యానులో కొడుకు పక్కన ఎక్కింది. కట్లక్కకు వెళ్లే వీల్లేకపోయింది. కాలినవాళ్లు పదకొండు మంది, నీళ్లు పోయడానికి తెలిసిన చేతులు రెండే.

చివరి మనిషితో ఆస్పత్రి చేరేసరికి సాయంత్రం నాలుగయింది. కాలినవాళ్ల కేకలతో వార్డు దద్దరిల్లుతోంది. తమ్ముడు వరండాలో స్ట్రెచర్ మీద, గడ్డం దాకా దుప్పటితో ఉన్నాడు. నుదురు అద్దంలా ఉంది.

"ముఖానికి మిల్లు రంగు అంటుకుంటే నేనే శుభ్రంగా తుడిచానే," అంది అమ్మ. "పదిమందిలో ఏం బాగుంటుంది? కట్టు ఎప్పుడు కట్టారని డాక్టరు రెండుసార్లు అడిగాడు. ఇందాకే బాబూ అన్నాను. నొప్పని ఒక్క కేక వెయ్యలేదు, నా బంగారుతండ్రి."

ఆమె దుప్పటి తీసింది. కాలు బూడిదరంగుకు తిరిగి, చల్లగా, ఇంకెవరిదోలా ఉంది.

డాక్టరు వచ్చి చూశాడు. "కాలు తీసెయ్యాలి. ఇప్పుడు పట్టీ విప్పితే మనిషే పోతాడు." ఆమె వైపు తిరిగాడు. "కట్టింది మీరేనా? టైము రాయాలని తెలీదా?"

అమ్మ చేతిలో తడిగుడ్డ ఇంకా ఉంది. ఒక మూల నీలంగా.

"మర్చిపోయానండీ."

అమ్మ ఆమె చెంప ఛెళ్లుమనిపించింది. "ఊళ్లోవాళ్లందరి కాళ్లూ చేతులూ గుర్తుంటాయి, సొంత తమ్ముడిది మర్చిపోయావా? నీ చేతులు పడిపోను!"

మిల్లువాళ్లు సంజాయిషీ అడిగితే అదే మాట రాసిచ్చింది. కొన్నాళ్లకు, అమ్మ లేనప్పుడు, తమ్ముడు అడిగాడు: "నువ్వు రాశావు కదక్కా? పెన్ను చల్లగా తగిలినట్టు గుర్తు."

"కలగన్నావురా."

వాడు నమ్మాడు. ఆ రోజు నుంచి ఆమె ముఖం చూడటం మానేశాడు.

ఇప్పుడు ఆమెకు యాభై ఒకటి. అదే గదిలో పనిచేస్తోంది. అమ్మా తమ్ముడూ రెండు వీధుల అవతల ఉంటారు, ఆమెతో మాట్లాడరు.