రూతమ్మ తప్పిపోలేదు

యుద్ధం రోజులు. బొగ్గుతో నడిచే బస్సులో పుంగనూరు నుంచి మదనపల్లెకు వెళ్తున్నాను. నా చేతిలో ఇంగ్లీషు పేపరు చూసి, పక్క సీటులోని పెద్దావిడ ఓ ఉత్తరం అందించింది. పేరు రూతమ్మట, మిషను ఆస్పత్రిలో ఆయా. ఇరవయ్యేళ్లు తనతో పనిచేసిన నర్సు దొరసాని స్వదేశానికి వెళ్లిపోయి రాసిందట.

“నేను తప్పిపోయినానని రాసిందంట. మా ఊరి బడి అయ్యవారు సదివి సెప్పినాడు. నేను యాడికి పోయినానప్పా? ఈడే ఉండాను గదా!”

చదివాను. ‘రూతమ్మా, ఐ మిస్ యూ’ అని ఉంది. పాపం, అయ్యవారికి తెలిసిన ‘మిస్సింగ్’ ఒక్కటే. యుద్ధంలో జాడ తెలియని సిపాయిల గురించి పేపర్లో వేసేది.

“తప్పిపోవడం కాదమ్మా. మీరు పక్కన లేక ఆవిడకు ఏమీ తోచడం లేదట. మీ మీద బెంగ పెట్టుకుంది.”

రూతమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, జవాబు రాసిపెట్టమంది. కాగితం తీశాను.

“నేను యాడికీ పోలేదు, ఈడే ఉండానని రాయప్పా.”

“దాని అర్థం అది కాదని చెప్పాను కదమ్మా!”

“తెలిసిందిలేప్పా. అయినా అదే రాయి. మా దొరసానికి అది సాలు.”