నాలుగు వేళ్ల ఎత్తు

పోయిన ఆదివారం మా చెల్లెలి మనవడు కొత్తగా కొన్న కారును సూర్యాపేటలోని మా ఇంటి ముందు ఆపి, దానికి కంపెనీ వాళ్లిచ్చిన టైర్లు తీసేసి ఒక సైజు పెద్దవి వేయించానని, జన్మంతా టైర్ల పని చేసిన వాణ్ని కాబట్టి చూసి ఒక మాట చెప్పమని నన్ను బయటికి పిలిచాడు. వాడి ముచ్చట కాదనలేక చుట్టూ తిరిగి చూశాను, మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య వేళ్లు పెట్టి చూశాను, స్టీరింగు పూర్తిగా తిప్పించి చూశాను, బాగుందిరా అన్నాను. కానీ వాడు సంబరంగా వెనక తలుపు తీసి మమ్మల్ని ఎక్కమన్నప్పుడు, మా ఆవిడ ఒక చేత్తో చీర కుచ్చిళ్లు పట్టుకుని, ఇంకో చేత్తో దేన్ని పట్టుకోవాలో తెలియక ఒక్క క్షణం ఆగిపోయింది. ఆ క్షణంలో నాకు నలభై ఏళ్ల కిందటి మా అత్తమ్మ, మా మేనమామ భార్య, గుర్తుకొచ్చింది. ఇలాంటివి మన వయసు వాళ్లతో చెప్పుకుంటేనే మనసు తేలికపడుతుంది.

అప్పుడు నాకు ఇరవై అయిదేళ్లు ఉంటాయేమో. సూర్యాపేటలో హైవే పక్కన ఒక టైర్ల దుకాణంలో పనిచేసేవాణ్ని. చేతిలో పని ఎంత ఉందో నెత్తి మీద గర్వం అంతకు రెండింతలు ఉండేది. మా మేనమామ మిర్యాలగూడలో పాత డీజిల్ కారొకటి పెట్టుకుని కిరాయికి నడిపేవాడు. చిన్నప్పుడే తండ్రి పోయిన నన్ను పెంచింది ఆయనా, అత్తమ్మా. అత్తమ్మకు పసితనంలో పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడిపోయింది. అయినా ఆమె ఎవరి చెయ్యీ పట్టుకునేది కాదు. కారెక్కడానికి ఆమెకొక పద్ధతి ఉండేది. తలుపు తీసి, కారుకు వీపు పెట్టి నిలబడి, సీటు అంచున కూర్చుని, మంచి కాలు లోపల పెట్టుకుని, ఆ తర్వాత ఎడమ కాలిని రెండు చేతులతో చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తి లోపలికి తెచ్చుకునేది.

ఆదివారం మామ ఎంత పెద్ద కిరాయి వచ్చినా ఒప్పుకునేవాడు కాదు. నిడమనూరు అవతల అత్తమ్మ పుట్టిన ఊళ్లో చిన్న చర్చి ఉండేది, అక్కడ పాట ఎత్తుకునేది అత్తమ్మే. వారమంతా గడప దాటని మనిషి ఆ ఒక్క పూట ఇస్త్రీ చీర కట్టుకుని రాణిలా బయల్దేరేది. అందరూ ఆమె కాలు చూసే లోకంలో, ఆమె గొంతు కోసం ఎదురుచూసే చోటు అదొక్కటే.

ఇక ఆనాటి రోడ్ల సంగతి మన తరానికి వేరే చెప్పాలా. వేములపల్లి చుట్టుపక్కల ఊళ్లకు పోవాలంటే కాలువ కట్ట దిగగానే నల్లరేగడి మొదలు. నాట్ల రోజుల్లో ట్రాక్టర్లు తిరిగి తిరిగి పడిన లోతు గాడుల్లో కారు పొట్ట నేలకానుకుని, చక్రాలు ఊరికే గిర్రున తిరిగేవి. ఎడ్లను కట్టి లాగించుకున్న రోజులున్నాయి. మామ ఆ బాధ చెప్పుకుంటే, దానికేముంది, అదే రిమ్ముకు ఒక సైజు పెద్ద టైర్లు వేస్తే కారు లేస్తుంది అని సలహా చెప్పింది నేనే. ఆ సైజు మా దుకాణంలో దొరక్క ఇద్దరం కోదాడ పోయాం. కోదాడ దాటితే ఆంధ్రానే కాబట్టి అక్కడ పాత టైర్లమ్మే ఆయనది ఆ యాస. "ఇవి ఏయించారంటే మీ కారు బురదలో ఏనుగులా నడుస్తుందండీ, నాది పూచీ" అని మమ్మల్ని మునగచెట్టెక్కించి, మా పాత టైర్లు తను తీసుకుని వాటిని అంటగట్టాడు.

బిగించింది నేనే. సందులన్నీ కొలిచాను, ఎక్కడా తగల్లేదు. అయితే కొలిచింది ఖాళీ కారును! మన దగ్గర కిరాయి కారులో అయిదుగురే కూర్చోవడం ఎవరైనా చూశారా? మొదటి కిరాయే పెండ్లివారిది, పిల్లా పెద్దా కలిసి పదిమంది, వెనక డిక్కీ నిండా పెట్టెలు. మొదటి గుంతలోనే టైరు మడ్‌గార్డుకు రాసుకుని రబ్బరు కాలిన వాసనొచ్చింది. మరునాడు మామ వస్తే, పోయిన పరువు నిలబెట్టుకోవడానికి, వెనక వైపు బరువు మోసే కమాన్ పట్టీలకు ఇంకొక పట్టీ కలిపించి, ముందు వైపు కూడా అంతే లేపించాను. మొత్తం మీద కారు మునుపటి కంటే నాలుగు వేళ్లు ఎత్తయింది.

ఆ వానాకాలం మామ కారు ఎక్కడా దిగబడలేదు. వేరే కార్లు రాని ఊళ్లకు కూడా ఆయన్నే పిలిచేవారు. టైరు పెద్దదైతే కిలోమీటర్ల మీటరు తక్కువ చూపిస్తుంది కదా, అది చూసి, "ఏం మాయ జేసినవ్ అల్లుడా, సూర్యాపేట జర మిర్యాలగూడ దిక్కు జరిగినట్టున్నది" అని నవ్వేవాడు. నేను కాలరెగరేసుకుని తిరిగాను.

ఆ సంబరంలో అత్తమ్మ ఆదివారాలు బయల్దేరడం మానేసిన సంగతి మాకు పట్టలేదు. ఒక వారం తలనొప్పి అంది, ఒక వారం చుట్టాలొస్తారంది, తర్వాత ఇంట్లోనే ప్రార్థన చేసుకుంటానంది. మామ రెండు మూడు సార్లు అడిగి ఊరుకుని, ఆదివారాలు కూడా కిరాయిలు ఒప్పుకోసాగాడు.

దసరా ముందు ఒక ఆదివారం పొద్దున నేను మిర్యాలగూడ పోయాను. మామ పెరట్లో స్నానం చేస్తున్నాడు. ఇంటి ముందు కారు దగ్గర అత్తమ్మ ఒక్కతే, ఇస్త్రీ చీర కట్టుకుని నిలబడి ఉంది. నేను సందు మలుపులోనే ఆగాను. ఆమె కారుకు వీపు పెట్టి సీటు అంచు కోసం వెనక్కి వాలింది, అందలేదు. మంచి కాలి మునివేళ్ల మీద లేచింది, జారింది. మూడోసారి తలుపును రెండు చేతులా పట్టుకుని ప్రయత్నించి నేల మీద కూలబడింది. నేను ఉరకాల్సింది, గోడ చాటుకు తప్పుకున్నాను. ఆమె మెల్లగా లేచి, చీరకంటిన దుమ్ము దులుపుకుని, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసి లోపలికి వెళ్లింది. నేను ఇంట్లోకి వెళ్లేసరికి పాత చీరలో ఉంది. "ఎప్పుడొచ్చినవ్ బిడ్డా, చాయ్ తాగుతవా" అంది. అన్నీ కొలిచిన నేను ఆమె నడుముకు ఆ సీటు అందుతుందా అని మాత్రం కొలవలేదు.

మామకు అప్పుడే చెప్పాల్సింది. నా పనితనంలో తప్పుందని ఒప్పుకోవడానికి నాకు వారం పట్టింది. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు. చెప్పాక మామ అత్తమ్మ మీద మండిపడ్డాడు, నోరుంది కదా, ఒక్క మాట అనొచ్చు కదా అని. అత్తమ్మ చేటలో బియ్యం చెరుగుతూ తలెత్తకుండానే అంది: "చెప్తే ఏం జేస్తవ్? ఎత్తి కూసోబెడ్తవ్. చర్చి ముందల అందరు సూస్తుంటె ఎత్తి దించుతవ్. గట్ల పోవుడు కన్న పోకుండుడే నయమనుకున్న." పీట పెడతానన్నాడు మామ. "ఆ పీట ఎక్కనీకె ఇంకో పీట గావాలె" అని నవ్వింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

మరునాడే కారు సూర్యాపేట తెచ్చాడు. కలిపిన పట్టీ తీయించి, ముందు వైపు దించి, అసలు సైజు టైర్లు నేనే బిగించాను. వానాకాలం కిరాయిలు సగం పోతాయని ఇద్దరికీ తెలుసు, ఆయన ఆ ఊసే ఎత్తలేదు. ఆ ఆదివారం అత్తమ్మ తన పద్ధతిలో తాను కూర్చుని తలుపు ధడాలున వేసుకుంటే, మామ వెనక్కి తిరిగి చూడకుండా పోదామా అని మాత్రం అడిగాడు. నేనూ వెంట పోయాను గానీ, లోపలికి వెళ్లడానికి మొహం చెల్లక, చర్చి బయట నిలబడి ఆమె పాట విన్నాను.

తర్వాతి వానలకు కారు మళ్లీ దిగబడింది. ఉన్న పెద్ద టైర్లు పీకేసుకున్న తెలివైనోడని జనం నవ్వారు. మామ ప్యాంటు మడిచి బురదలో దిగి నెట్టుకునేవాడు గానీ కారణం ఎవరికీ చెప్పలేదు, నన్నూ చెప్పనివ్వలేదు.

చాలా ఏళ్లకు అత్తమ్మకు మంచి కాలు కూడా సహకరించని రోజు వచ్చింది. దవాఖానకు తీసుకుపోవాలి. అందరం తొందరపడుతున్నాం, నేను ఆమె చంకల కింద చేతులు వేయబోయాను. మామ నన్ను ఆపి, మంచం పక్కన కింద కూర్చుని, ఆమె మొహంలోకి చూస్తూ, "లేపాల్నా?" అని అడిగాడు. అత్తమ్మ కాసేపు ఆలోచించి తలూపింది. అప్పుడు ఎత్తాడు.

ఇద్దరూ పోయి ఏళ్లయింది. కాలువ కట్ట కింద ఊళ్లకు కూడా సిమెంటు రోడ్లు పడ్డాయి, కార్లేమో ఏటికేడు ఎత్తు పెరుగుతున్నాయి. ఇప్పటి పిల్లలు మంచివాళ్లు, వంక పెట్టడానికి లేదు. మనం కాస్త తడబడితే చాలు, ఉరికొచ్చి ఎత్తి కూర్చోబెడతారు. నన్ను ఎత్తే చేతులు మా ఇంట్లో చాలానే ఉన్నాయి. ఎత్తమంటావా అని అడిగి, జవాబు కోసం ఆగే మనిషి మాత్రం మామ తర్వాత నాకు కనబడలేదు.